అమెరికాలోని మినియాపొలిస్‌లో ఆరు శీతాకాలాలు సైకిల్ తొక్కాక పాదాల గురించి నాకు తెలిసింది

ఇంటి నుంచి ఆఫీసుకు 11 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మిడ్‌టౌన్ గ్రీన్‌వే మీదే. ఒకప్పుడు రైళ్ళు నడిచిన లోతైన కందకం అది. ఇప్పుడు కింద సైకిళ్ళు వెళ్తుంటే పైన వంతెనల మీద కార్లు పోతుంటాయి. మంచు పడినా త్వరగానే బండి వచ్చి దారి ఊడ్చేస్తుంది కాబట్టి చలికాలంలోనూ సైకిల్ ఆపాల్సిన పనిలేదు. 2018 నవంబరులో మొదలుపెట్టాను. కోవిడ్ ఏడాది ఇంటి నుంచే పని, దాన్ని వదిలేస్తే 2025 వసంతం నాటికి ఆరు శీతాకాలాలు. చేతులు, చెవులు, ముఖం సంగతి మొదటి నెలలోనే తేలిపోయింది. పాదాల సంగతి తేలడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది.

మాది అనంతపురం వైపు. అక్కడ వానలో చెప్పులతో సైకిల్ తొక్కితే ఇంటికొచ్చేలోగా పాదాలు ఆరిపోయేవి. తడి అసలు సమస్యే కాదు. ఇక్కడ మైనస్ 5 డిగ్రీల్లో సాక్స్ ముందు భాగం కాస్త తడిస్తే చాలు, పది నిమిషాల్లో వేళ్ళు ఉన్నాయో లేదో తెలియదు.

మొదటి నెల మామూలు రన్నింగ్ షూస్‌లో మూడు జతల కాటన్ సాక్స్ వేసుకున్నాను. అంతకంటే చెడ్డ ఏర్పాటు ఉండదు. షూ బిగుసుకుపోయి రక్తం సరిగా ఆడలేదు. సాక్స్‌లో వెచ్చదనాన్ని పట్టి ఉంచేది దారాల మధ్య నిలిచే గాలి. ఆ గాలినంతా నేనే నొక్కేశాను. పైగా కాటన్ చెమటను పీల్చుకుని అలాగే ఉండిపోతుంది. నడిచేటప్పుడైతే వేళ్ళు వంగుతూ లేస్తూ కొంత వేడి పుడుతుంది. పెడల్ మీద పాదం దాదాపు కదలదు. ఎదురుగాలి మాత్రం నేరుగా వేళ్ళకే కొడుతుంది.

ఆ తర్వాత క్లిప్‌తో పెడల్‌కు బిగుసుకునే సైక్లింగ్ షూస్ కొని, వాటి మీద నియోప్రీన్ (రబ్బరు లాంటి మెత్తటి పదార్థం) కవర్లు తొడిగాను. రెండు శీతాకాలాలు వాడాను. సున్నా నుంచి మైనస్ 6 దాకా, దారి పొడిగా ఉంటే, బాగానే పనిచేశాయి. గాలిని పూర్తిగా ఆపుతాయి. అంతకంటే చలి పెరిగితే లాభం లేదు. షూ అడుగున క్లిప్ కోసం లోహపు ముక్క ఉంటుంది కదా, పాదంలోని వేడి దాని గుండా పెడల్‌లోకి వెళ్ళిపోతుంది. పాదం మధ్యలో నాణెమంత మేర చల్లగా తగులుతుంటే ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు. ఆ క్లిప్ కోసం కవర్ అడుగున కోసిన రంధ్రంలోంచే నీళ్ళూ వస్తాయి. రెండో ఏడాది ఫిబ్రవరికి, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు పట్టి ఒక కవర్ జిప్ తెగింది.

కాలివేళ్ళ దగ్గర అంటించుకునే హీట్ ప్యాకెట్లు కూడా వాడాను. ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే వేడి అది. కాబట్టి గాలి చొరబడని కవర్ లోపల పెడితే కాసేపటికే చల్లబడతాయి. నేను మొదట ప్యాకెట్లే నాసిరకం అనుకున్నాను. వదులు షూలో పెడితే అవే ప్యాకెట్లు బాగా పనిచేశాయి. రోజూ వాడటం మాత్రం ఖర్చు, చెత్త రెండూ. ఇప్పుడు దారిలో టైరు పంక్చరైతే పనికొస్తాయని బ్యాగులో ఒక జత ఉంచుతాను, అంతే.

2021 చలికాలానికి క్లిప్పులు మానేశాను. లోపలి ఫెల్ట్ లైనర్ (బూటు లోపల ఉండే మందపాటి మెత్తటి తొడుగు) బయటకు తీయగలిగే మంచు బూట్లు, అడుగున రబ్బరు, పైన తోలు, నా సైజు కంటే ఒక సైజు పెద్దవి కొన్నాను. లోహపు పెడల్స్ తీసేసి వెడల్పాటి నైలాన్ పెడల్స్ వేయించాను. లోపల ఒక్కటే జత, మందమైన మెరీనో ఉన్ని సాక్స్. బూటులో వేళ్ళు కదిలించగలిగేంత ఖాళీ ఉండాలి. కొనేటప్పుడు ఆ మందపాటి సాక్స్ తొడుక్కునే షాపుకు వెళ్ళండి. ఈ బూట్లతో నాలుగు శీతాకాలాలు గడిచాయి. మైనస్ 18 దాకా ఆఫీసు చేరేసరికి వేళ్ళు వెచ్చగానే ఉంటాయి. బరువు ఎక్కువే, మొదటి వారం మోకాళ్ళకు తెలిసింది. వేగమూ తగ్గింది, 35 నిమిషాల దారి 40 అయింది. నాకు అది పెద్ద నష్టం అనిపించలేదు.

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ లైనర్. పాదం బయటి నీళ్ళతో తడిసేదాని కంటే సొంత చెమటతో తడిసేదే ఎక్కువని ఈ బూట్లతోనే తెలిసింది. ఆఫీసులో లైనర్లు తీసి కుర్చీ వెనక పెడితే సాయంత్రానికి పూర్తిగా ఆరతాయి. మామూలు వాటర్‌ప్రూఫ్ బూటు లోపల తడిస్తే మర్నాటికి కూడా ఆరదు. అలాంటివే మీ దగ్గర ఉంటే రాత్రి లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, పడుకునే ముందు ఒకసారి మార్చండి. హీటర్‌కు ఆనించి పెడితే అతుకులు ఊడతాయి. మైనస్ 18 దాటితే సన్నని సాక్స్, దాని మీద బ్రెడ్ కవర్, దాని మీద ఉన్ని సాక్స్ వేస్తాను. చెమట కవర్ లోపలే ఆగిపోతుంది, ఉన్ని పొడిగా ఉంటుంది. ఆఫీసులో ఆ సన్న జత మార్చుకోవాలి.

తడి గురించి ఇంకో మాట. ఒకసారి రిపేరు షాపులో పెద్దాయన నా సైకిల్ ముందు చక్రం వెనక ఫ్రేమ్ మీద పేరుకున్న బురద చూపించి, అదే నీళ్ళు నీ షూ మీద పడుతున్నాయని చెప్పాడు. ముందు మడ్‌గార్డ్ చివర నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు దాకా దిగేలా పాల డబ్బా ప్లాస్టిక్ ముక్క ఒకటి కోసి రెండు బోల్టులతో బిగించాడు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఈ ఆరేళ్ళలో నా పాదాలకు అంత మేలు చేసిన వస్తువు బూట్లు తప్ప ఇంకోటి లేదు. మీరు ఇంకేం కొనకపోయినా ముందు ఇది చేయించండి. ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఉప్పు కలిసిన నీళ్ళు సున్నా కంటే కింద కూడా గడ్డకట్టవు. అంటే పాదాల మీద చిమ్మేది సున్నా కంటే చల్లని నీరు. అందుకే 90 అంగుళాలకు పైగా మంచు పడిన 2022-23 నన్ను అంతగా కష్టపెట్టలేదు. ఇక్కడి రికార్డుల్లోకెల్లా వెచ్చని శీతాకాలమైన 2023-24లోనే, క్రిస్మస్‌కు వాన, రోడ్డంతా చిత్తడి, పాదాలు ఎక్కువసార్లు తడిశాయి.

పాదాలు చల్లబడుతుంటే పాదాలనే చూడకండి. ఒళ్ళు చల్లబడితే శరీరం ముందు కాళ్ళకు రక్తం తగ్గిస్తుంది. ప్యాంటు కింద ఉన్ని లోదుస్తు వేసి, చీలమండ దగ్గర ఖాళీ లేకుండా చూసుకున్నాక అవే బూట్లు ఇంకా వెచ్చగా అనిపించాయి.

వేళ్ళు నొప్పి పుడుతున్నంతసేపు కొంత నయం. నొప్పి ఆగి, తిమ్మిరెక్కి, చర్మం తెల్లగా పాలిపోతే వెంటనే లోపలికి వెళ్ళిపోవాలి. రుద్దకూడదు. మంట దగ్గర, హీటర్ దగ్గర పెట్టకూడదు, కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. షుగర్ ఉన్నవాళ్ళు, మనలో చాలామందిమి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఆ మొదటి నొప్పి అసలు తెలియకపోవచ్చు. మా అన్నయ్యకు షుగర్ ఉంది, ఇక్కడికి వచ్చినప్పుడు నాతో తొక్కుతానంటే మైనస్ 5 దాటిన రోజు ఒప్పుకోలేదు. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 33. ఆ రోజు నేనూ తొక్కలేదు, ఇంట్లోనే ఉన్నాను.

నాలుగేళ్ళకు బూట్ల పరిస్థితి: లైనర్లు ఒకసారి మార్చాను. కుడి బూటు రబ్బరు, తోలు కలిసే చోట సన్నగా పగిలింది, ఉప్పు వల్లే అనుకుంటాను. మార్చి నుంచి వారానికోసారి గోరువెచ్చని నీళ్ళతో ఉప్పు కడిగి మైనం రాస్తున్నాను, పగులు పెరగలేదు. ఇంకో చలికాలం వస్తాయి. మళ్ళీ కొనాల్సి వస్తే ఇవే కొంటాను, ఈసారి అర సైజు ఇంకా పెద్దవి.