పిల్లల తొలి గ్రాఫ్: అగ్గిపెట్టెలతోనా, గళ్ల కాగితంపైనా?

"మీకు ఏ పండు ఇష్టం?" అని అడిగి చిన్న తరగతి పిల్లలతో గ్రాఫ్ చేయించాలి. ఒక్కొక్కరికి ఒక పెట్టె చొప్పున, పండుకో దొంతరగా ఖాళీ అగ్గిపెట్టెలు పేర్పించాలా, లేక ఒక్కొక్కరికి ఒక గడి చొప్పున గళ్ల కాగితంపై గీయించాలా?

ఖర్చు: అగ్గిపెట్టెలు ఇళ్ల నుంచే వస్తాయి. గళ్ల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు కొనాలి.

శ్రమ: పెట్టెలు ముందే పోగేయాలి, పేర్చడం తేలిక. గీయడానికి పీరియడంతా పడుతుంది.

పొరపాట్లు: అసలు తేడా ఇక్కడే. పెట్టెలన్నీ ఒకే సైజువైతే ఎత్తు చూస్తే ఏది ఎక్కువో తెలిసిపోతుంది. (నిజం పండ్లు మాత్రం పేర్చకండి. మూడు అరటిపండ్ల వరుస అయిదు నిమ్మకాయల కంటే పొడుగు, దాంతో అరటే ఎక్కువంటారు.) కాగితంపై కొందరు మధ్యలో గడి వదిలేస్తారు, కొందరు అడుగు గీత నుంచి మొదలుపెట్టరు.

చదవడం: "జామ కంటే మామిడి ఎంతమందికి ఎక్కువ ఇష్టం?" పెట్టెలైతే రెండు దొంతరలు పక్కపక్కన పెట్టి, మిగిలినవి వేలితో లెక్కపెడతారు. కాగితమైతే ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించుకోవచ్చు. ఆ మురిపెం నాకు చాలా ఇష్టం.

గ్రాఫ్ ఎప్పుడూ చూడని ఒకటి, రెండు తరగతుల వాళ్లకు అగ్గిపెట్టెలే. ఒక గడికి ఇద్దరు పిల్లలని లెక్క వేయాల్సి వచ్చినప్పుడు గళ్ల కాగితం.