120 సెకన్ల ధీమా: నెట్‌ప్లాన్‌తో నా అనుభవం

నేనుండేది నల్లగొండలో, నేను చూసుకునే ఉబుంటు సర్వర్ ఉండేది మిర్యాలగూడలోని ఒక రైస్‌మిల్లులో. నడుమ దాదాపు 40 కిలోమీటర్లు. ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరపు మిషన్‌కు ఆదేశాలు పంపే దారి) ఆ సర్వర్ ఐపీ అడ్రసు మార్చేటప్పుడు ఒక్క అంకె తప్పితే కర్సర్ ఉన్నచోటే ఆగిపోతుంది, ఇక బస్టాండు దారి పట్టవలసిందే. ఉబుంటు 18.04 నాటి నుంచి నేను, అందులో నెట్‌వర్క్ అమరికను ఒక ఫైలు చూసి అమలుచేసే నెట్‌ప్లాన్‌ను ఇష్టంగా వాడుతున్నానంటే, అది నాకు మిగిల్చిన బస్సు ప్రయాణాలే కారణం.

ఆ ఇష్టమంతా 'నెట్‌ప్లాన్ ట్రై' అనే ఒక్క ఆదేశం మీదనే. నేరుగా అమలుచేసే 'అప్లై' ఆదేశం బదులు దీన్ని కొడితే కొత్త అమరిక అమలులోకి వచ్చి 120 సెకన్ల లెక్క మొదలవుతుంది. ఆలోగా ఎంటర్ నొక్కి ఖాయం చేయకపోతే పాత అమరిక దానంతటదే తిరిగి వస్తుంది. ఒకనాటి రాత్రి 192.168.1.10 అని రాయవలసిన చోట 192.168.11.10 అని రాసి 'ట్రై' కొట్టాను. తెర బిగుసుకుపోయింది. ఏం చేయాలో తోచక కీబోర్డు మీద ఏవేవో అక్షరాలు కొడుతూ కూర్చున్నాను. రెండు నిమిషాలు దాటిన కొద్దిసేపటికి ఆ అక్షరాలన్నీ ఒక్కసారిగా తెరమీద వచ్చి పడ్డాయి. తెగిపోయిందనుకున్న అదే సెషన్ మళ్ళీ బతికింది. ఆ తర్వాత చాలాకాలం కనబడినవారికల్లా దీని గురించే చెప్పాను.

అంత ధీమాగా చెప్పినందుకు కొంత సర్దుకోవలసిన రోజు వానాకాలం వడ్లు మిల్లుకు వస్తున్నప్పుడు వచ్చింది. కాంటా నుంచి తూకం అంకెలను అందుకునే సీరియల్ పోర్టు చెడిపోతే, మెకానిక్ ఒకరు సర్వర్ పెట్టె విప్పి కొత్త సీరియల్ కార్డు బిగించి వెళ్ళారు. ఆన్ చేసినప్పుడు నెట్‌వర్క్ కోసం రెండు నిమిషాలు ఎదురుచూసి, అది లేకుండానే మిషన్ లేచింది. కాసేపటికి కాంటా దగ్గరి కుర్రవాడు ఫోన్ చేశాడు: "సార్, మిషిన్ ఆన్ అయింది గానీ మా కంప్యూటర్ల ఏమొస్తలేదు. బయట ట్రాక్టర్లు లైన్ కట్టినయి."

కేబుల్ మార్పించాను, స్విచ్ ఆర్పించి వెలిగించాను. అరగంట వృథా అయింది. చివరికి నెట్‌వర్క్ కార్డుల పేర్లు చూపే 'ఐపీ లింక్' ఆదేశం కొట్టించి, వచ్చిన పేరును ఒక్కొక్క అక్షరం చదవమన్నాను. "ఈ, ఎన్, పీ, మూడు, ఎస్, సున్నా" అన్నాడు. నా నెట్‌ప్లాన్ ఫైలులో ఉన్నది 'ఈఎన్‌పీ2ఎస్0'. నెట్‌వర్క్ కార్డు పేరులోని ఆ అంకె పీసీఐ బస్సు (మదర్‌బోర్డు మీద కార్డులను కలిపే దారి) సంఖ్య. కొత్త కార్డు పెట్టడంతో ఆ లెక్క ఒకటి జరిగింది, పేరు మారింది. ఫైలులో ఎవరూ ఏమీ మార్చలేదు గనుక 'ట్రై'కి ఇందులో పనే లేదు. లేని కార్డు పేరు ఫైలులో రాసి ఉన్నందుకు నెట్‌ప్లాన్ కూడా పల్లెత్తు మాట అనలేదు. నా ఫిర్యాదు అదే.

యామల్ అనే పద్ధతిలో రాసే ఆ ఫైలును ఫోన్‌లో దిద్దించడం ఎంత కష్టమో ఆనాడు తెలిసింది. 2 చెరిపి 3 పెట్టమన్నాను, అంతే. అతను మధ్యలో, యామల్‌లో చెల్లని ట్యాబ్ నొక్కినట్టున్నాడు, తప్పు వచ్చింది. అయితే ఏ వరుసలో తప్పుందో నెట్‌ప్లానే చూపించింది గనుక రెండోసారికి కుదిరింది. మరునాడు కార్డును పేరుతో కాక మ్యాక్ అడ్రసుతో (కార్డుకు తయారీలోనే ఇచ్చే సంఖ్య) గుర్తించేలా 'మ్యాచ్', 'సెట్-నేమ్' వరుసలు రాశాను. ఈ పని మొదటిరోజే చేసి ఉండవలసింది.

'ట్రై'కి మరో హద్దు కూడా తర్వాత తెలిసింది. సర్వర్ లోపలే నడిచే వర్చువల్ మిషన్ కోసం బ్రిడ్జి (దాన్ని బయటి నెట్‌వర్క్‌తో కలిపే అమరిక) ఒకటి పెట్టి దానికి కొన్ని ప్రత్యేక పారామీటర్లు ఇస్తే, వాటిని వెనక్కి తిప్పడం తన వల్ల కాదని, సరిచూసుకుని నేరుగా 'అప్లై' కొట్టుకోమని చెప్పింది. సరిగ్గా భయం ఎక్కువగా ఉన్న చోటే ఆసరా లేదన్నమాట. ఆ ఒక్క పనికి మాత్రం బస్సెక్కాను.

సర్వర్ చేతికందే దూరంలో ఉండి, పక్కన మానిటర్ ఉన్నవారికి నా మురిపెం అతిగా అనిపించవచ్చు. నావంటి ఒంటరి మనిషికి, అదీ ఒకటి రెండు మిషన్లే ఉన్నప్పుడు, ఇది చాలు. ఆ 120 సెకన్ల కోసమే దీన్ని వదలను. కాకపోతే మదర్‌బోర్డు మారితే మ్యాక్ అడ్రసు కూడా మారుతుంది గనుక, ఫైలులో ఏ వరుస దిద్దాలో ఒక చీటీ మీద రాసి ఆ మిల్లు మానిటర్ అంచుకు అతికించి వచ్చాను.