ధమ్మఖేత్త: పది రోజుల మౌనం, ఆ తర్వాత వారానికో గంట

హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు, నాగార్జునసాగర్ రోడ్డు మీద కుసుమ్‌నగర్‌లో ఉంది ధమ్మఖేత్త. ఖేత్త అంటే పాలి భాషలో పొలం. ధ్యాన గురువు సత్యనారాయణ గోయెంకా పద్ధతిలో విపశ్యన, అంటే శరీరంలో కలిగే అనుభూతుల్ని ఉన్నవి ఉన్నట్టు గమనించే ధ్యానం, నేర్పే ఈ కేంద్రం 1976లో మొదలైంది. చాలామంది పది రోజుల శిబిరం ముగించుకుని సంచి సర్దుకుని వెళ్లిపోతారు, మళ్లీ ఆ వైపు చూడరు. శిబిరం దుక్కి దున్నడం లాంటిదైతే, పాత సాధకులు (ఒక శిబిరమైనా పూర్తి చేసినవారు) వారానికోసారి కలిసి కూర్చునే గంట నీరు పెట్టడం లాంటిది. అది మానేసినవాళ్లకు దున్నిన నేల మళ్లీ గట్టిపడుతుంది.

శిబిరానికి రుసుము లేదు. భోజనం, వసతి అన్నీ పాత సాధకుల దానంతో నడుస్తాయి. కనీసం ఒక్క శిబిరమైనా పూర్తి చేయనివారి నుంచి దానం కూడా తీసుకోరు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, సీట్లు తొందరగా నిండుతాయి. రోజూ వేసుకునే మందులు, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన చికిత్స ఏదైనా ఉంటే దరఖాస్తులో దాచకూడదు. ఇది వైద్యానికి ప్రత్యామ్నాయం కాదని వాళ్లే స్పష్టంగా చెబుతారు.

తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది, రాత్రి 9:30కి దీపాలు ఆర్పుతారు. మొదటి మూడు రోజులూ ఆనాపాన: ముక్కు దగ్గర వచ్చిపోయే శ్వాసను గమనించడం ఒక్కటే పని. శ్వాసను మార్చకూడదు, మంత్రం జోడించకూడదు. నాలుగో రోజున విపశ్యన మొదలవుతుంది. అక్కడి నుంచి రోజుకు మూడు సామూహిక సాధనల్లో అధిష్ఠానం ఉంటుంది: గంటసేపు కళ్లు తెరవకుండా, చేతులూ కాళ్లూ కదపకుండా కూర్చోవాలి. పదో రోజు మంగళ మైత్రి, అంటే అందరి మేలూ కోరే ధ్యానం, నేర్పి మౌనం విడిపిస్తారు, పదకొండో రోజు పొద్దున ఇంటికి పంపుతారు. సాయంత్రం ప్రవచనాలు తెలుగులో వినే వీలుంది. హిందీ, ఇంగ్లీషు రెండూ వచ్చినా తెలుగే ఎంచుకోండి. వేదన (ఇక్కడ బాధ కాదు, శరీరంలో కలిగే ఏ అనుభూతైనా), సంస్కారం, అనిత్యం లాంటి మాటలు మన భాషలో తేలిగ్గా పట్టుబడతాయి.

ఇబ్బంది పెట్టేది ఎక్కువగా మోకాళ్లు, నడుము. దీనికి ముఖ్య కారణం ఆసనం ఎత్తు చాలకపోవడం. తుంటి కన్నా మోకాళ్లు పైకి ఉంటే నడుము వెనక్కి గూనిగా ఒరుగుతుంది, అరగంటలో భుజాల మధ్య నొప్పి పుడుతుంది. పిరుదుల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు ఉండేలా దిండ్లు వేసుకుని, గాల్లో తేలే మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. దిండు అంచు తొడ కింద నొక్కితే కాలు తిమ్మిరెక్కుతుంది, అందుకే దిండు ముందు సగం మీదే కూర్చోవాలి. నిజంగా కూర్చోలేనివారు మొహమాటపడకుండా కుర్చీ అడగాలి. శిబిరంలో స్వచ్ఛందంగా పనిచేసే ధమ్మ సేవకులు ఉన్నది అందుకే.

రెండో కష్టం మధ్యాహ్నం నిద్ర. 11 గంటలకు పెట్టే శాకాహార భోజనం కడుపు నిండా తింటే 1 నుంచి 2:30 దాకా తల వాలిపోతూనే ఉంటుంది. మూడొంతుల్లో రెండొంతులు తింటే చాలు. సాయంత్రం కొత్తవాళ్లకు టీ, పండు ఉంటాయి. పాత సాధకులకు నిమ్మరసం మాత్రమే. ఇంటి నుంచి పచ్చడి సీసా తీసుకెళ్లకండి, బయటి తిండికి అనుమతి లేదు. వదులు బట్టలు, దుప్పటి, దోమల మందు, టార్చి తప్పనిసరి.

ఇక వారంవారీ సామూహిక సాధన. కేంద్రంలోనే కాదు, ఊళ్లో సాధకుల ఇళ్లలో కూడా ఇలాంటివి జరుగుతుంటాయి. అయిదు నిమిషాల ముందే చేరి, ఫోన్ పూర్తిగా ఆపేసి కూర్చోవాలి. మొదట గోయెంకా గొంతులో కొద్దిసేపు పాలి పఠనం, సూచనలు, ఆ తర్వాత నిశ్శబ్దం. చివర్లో మళ్లీ పఠనం, మైత్రి. ‘భవతు సబ్బ మంగళం’ (అందరికీ మంగళం కలగాలి) అన్నప్పుడు అందరూ ‘సాధు, సాధు, సాధు’ అంటారు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ముప్పై అయిదో నిమిషానికి గడియారం వైపు చూసే మనసు, ఇక్కడ పక్కవాళ్లు కదలకపోవడంతో తనూ ఆగిపోతుంది. సాధన ముగిశాక ఎవరి అనుభవం గొప్పదో పోల్చుకునే ముచ్చట్లు పెట్టకూడదు. అవి మొదలైతే వచ్చే వారం అదే అనుభవం కోసం వెతుకుతూ కూర్చుంటారు, సాధన అక్కడే చెడిపోతుంది. సందేహాలు శిబిరాలు నడిపే సహాయక ఆచార్యుల్నే అడగాలి.

ఆసక్తి కొద్దీ ఓ సాయంత్రం వచ్చి చూద్దామనుకునేవారికి మాత్రం ఈ గంటలో చోటు లేదు, ఒక శిబిరమైనా చేసి ఉండాలి. ఇది కరుకుగా అనిపించవచ్చు, కానీ మూడు రోజుల ఆనాపాన లేకుండా అధిష్ఠానంలో కూర్చుంటే మిగిలేది కాళ్ల నొప్పే. బుద్ధ విగ్రహం ముందు కాసేపు ప్రశాంతంగా కూర్చుంటే చాలనుకునేవారికి సికింద్రాబాద్ మహేంద్రా హిల్స్‌లోని మహాబోధి బుద్ధ విహారం సరిపోతుంది. పాత సాధకులై ఉండి ఆర్నెల్లుగా ఆసనం ముట్టనివారు కొత్తగా పది రోజుల సెలవు దొరికేదాకా ఆగనక్కర్లేదు. దగ్గర్లో సామూహిక సాధన ఎక్కడ జరుగుతోందో కేంద్రంలో కనుక్కుని, ఈ వారమే వెళ్లి కూర్చోండి.