కిట్ గైరోప్లేన్: కొన్నేళ్లు ఎగరేశాక బడ్జెట్ గురించి, ట్రైనింగ్ గురించి నా సమీక్ష

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎవరు కలిసినా, నేను సొంతంగా గైరోప్లేన్ కట్టుకుని ఎగరేస్తున్నానని తెలియగానే అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, మొత్తం ఎంతయింది?" దానికి నేను చెప్పేదీ ఒకటే. "కిట్టు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ట్రైనింగ్‌కి ఎంత పక్కన పెట్టావు?" నాది ముందొకటి వెనకొకటి రెండు సీట్లు, పైకప్పు లేని బండి. ఇంజిన్ రోటాక్స్ 914. దాని గురించి మంచీ చెడూ ఏది రాయాలన్నా ఆ ప్రశ్న నుంచే మొదలుపెట్టాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గైరోప్లేన్ చూడటానికి బుల్లి హెలికాప్టర్‌లా ఉంటుంది కానీ గాల్లో ఉన్నప్పుడు పైన తిరిగే రెక్కలకి, అంటే రోటర్‌కి, ఇంజిన్‌తో సంబంధం ఉండదు. ఇంజిన్ వెనకనున్న ప్రొపెల్లర్‌ని తిప్పి బండిని ముందుకు తోస్తుంది. కొంచెం వెనక్కి వాలి ఉన్న రోటర్‌లోకి గాలి కింద నుంచి దూరి పైకి పోతూ, తిరునాళ్లలో పిల్లలు పట్టుకుని పరిగెత్తే కాగితపు గాలిపంకా తిరిగినట్టు దాన్ని తిప్పుతూ ఉంటుంది. స్పెయిన్ ఇంజినీరు హువాన్ దె లా సియెర్వా 1923 జనవరిలో ఇలాంటి యంత్రాన్ని మొదటిసారి విజయవంతంగా ఎగరేయించినప్పటి నుంచీ సూత్రం అదే. ఇంజిన్ ఆగిపోయినా రోటర్ తిరుగుతూనే ఉంటుంది, బండి మెల్లగా కిందికి దిగుతుంది.

ఇంతవరకే విని "అయితే భలే సేఫ్" అనేసే వాళ్లున్నారు. మిగతా సగం కూడా వినాలి. రోటర్ తిరగాలంటే దాని మీద బరువు పడుతూ ఉండాలి. స్టిక్‌ని, అంటే బండిని నడిపే కర్రని, ఒక్కసారిగా ముందుకు తోసి బండిని తేలికపరిస్తే రోటర్‌లోంచి పోయే గాలి తగ్గుతుంది, రోటర్ నెమ్మదిస్తుంది. ఒక హద్దు దాటి నెమ్మదించాక గాల్లో దాన్ని తిరిగి వేగం అందుకునేలా చేయడం అసాధ్యం. పాత డిజైన్లలో ప్రొపెల్లర్ తోపు (ముందుకు తోసే బలం) బండి గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైన చోటు) కన్నా ఎత్తులో ఉండేది. రోటర్ మీద బరువు తగ్గిన క్షణంలో ఆ తోపే ముక్కుని కిందికి తిప్పేసేది. అమెరికాలో 1950ల నుంచి ఇగోర్ బెన్సెన్ ప్లాన్లు, కిట్లు అమ్మి ఈ సరదాని సామాన్యుల గ్యారేజీల దాకా తెచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో సొంతంగా కట్టుకుని, గురువు లేకుండా సొంతంగా నేర్చుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఇప్పటి బండ్లకు వెనక నిలకడనిచ్చే పెద్ద తోక రెక్క (స్టెబిలైజర్) ఉంటుంది, తోపు గరిమనాభికి దగ్గరగా ఉంటుంది. బండి మారింది. కానీ స్టిక్ పట్టుకున్న చెయ్యి కూడా మారాలి, దానికి గురువు కావాలి.

ఇక్కడి చట్టం ప్రకారం స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్‌కి (ఇలాంటి చిన్న బండ్లు సరదాకి నడిపే లైసెన్సుకి) గైరోప్లేన్‌లో కనీసం 20 గంటలు ఎగరాలి. అందులో 15 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, 5 గంటలు ఒంటరిగా. బడ్జెట్ వేసుకునేవాళ్లు ఈ 20ని పట్టుకుని లెక్క కట్టొద్దు. నాకు దాదాపు రెట్టింపు పట్టింది, నాతోపాటు నేర్చుకున్నవాళ్లలోనూ ఎక్కువమందిది అదే కథ. మామూలు విమానాల ఇన్‌స్ట్రక్టర్లు ఊరికి పదిమంది దొరుకుతారు, గైరోప్లేన్ నేర్పేవాళ్లు ఒక రాష్ట్రం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నేను ఫ్లోరిడా వెళ్లి వారం వారం చొప్పున విడతలుగా నేర్చుకున్నాను. గంటకు రెండు వందల యాభై డాలర్ల లెక్కన ఫీజు, దాని మీద ఫ్లైటు టికెట్లు, హోటలు, అద్దె కారు, గాలి ఎక్కువై ఎగరలేక ఖాళీగా కూర్చున్న రోజుల ఖర్చు, పరీక్ష ఫీజు. అన్నీ కలిపి 14 వేల డాలర్లు దాటింది. నా మొత్తం బడ్జెట్‌లో ప్రతి డాలరూ సార్థకమైందని చెప్పగలిగిన భాగం ఇదే.

ఏం నేర్పుతారు అన్నదానికి ఒక్క టేకాఫ్ చెబుతాను, చాలు. రన్‌వే మీద ఆగి, స్టిక్ ముందుకు పెట్టి, ప్రీరొటేటర్ నొక్కితే ఇంజిన్ బలం బెల్టు గుండా రోటర్‌కి అందుతుంది. తల మీద బ్లేడ్లు ముందు ఒకటొకటిగా, నెమ్మదిగా దాటుతాయి, సీటు కుడీ ఎడమలకు ఊగుతుంది. నిమిషానికి 200 చుట్ల దాకా వచ్చాక ప్రీరొటేటర్ వదిలి, స్టిక్‌ని పూర్తిగా వెనక్కి లాగి, బ్రేకు వదిలి, థ్రాటిల్ మెల్లగా ఇస్తాం. బండి పరిగెత్తే కొద్దీ గాలే రోటర్‌ని ఇంకా తిప్పుతుంది, ముందు చక్రం దానంతటదే లేస్తుంది. అప్పుడు ముక్కుని కొంచెం తగ్గించి, వెనక రెండు చక్రాల మీద నిలబెట్టి, నేలని వదిలాక కూడా వెంటనే పైకి లేపకుండా వేగం వచ్చేదాకా నేలకి సమాంతరంగా పోవాలి. ఇందులో తొందర పనికిరాదు. రోటర్ ఇంకా నెమ్మదిగా ఉండగానే థ్రాటిల్ బాదితే బ్లేడు ఎగిరెగిరి పడి తోకకో ప్రొపెల్లర్‌కో తగులుతుంది. నేల మీదే బండి ముక్కలవుతుంది. మా గురువుగారు రోటర్ చుట్ల అంకెని ప్రతిసారీ పైకి చదివించేవారు. చదవకపోతే థ్రాటిల్ మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. ఈ రోజుకీ ఒంటరిగా ఉన్నా పైకే చదువుతాను.

ముందే విమానం లైసెన్సు ఉన్నవాళ్లకు తక్కువ గంటల్లో వచ్చేస్తుంది. చట్టమూ వాళ్లకు దారి సులువు చేసింది: ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకుని, ఇంకొక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎగిరి చూపిస్తే స్పోర్ట్ పైలట్ స్థాయిలో గైరోప్లేన్ నడపొచ్చు. అయితే నాకు ఎక్కువ భయం వేసేది వాళ్లని చూసినప్పుడే. వేగం తగ్గుతోందని అనిపించగానే స్టిక్ ముందుకు తోయడం విమానంలో ప్రాణం కాపాడే అలవాటు. ఇక్కడ అదే అలవాటు గట్టిగా, గబుక్కున చేస్తే ప్రాణం తీస్తుంది. ఆ చేతిని మళ్లీ మొదటి నుంచి తిప్పుకోవాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. అమెరికా పౌరసత్వం లేనివాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, మొదటి పైలట్ సర్టిఫికెట్ ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు, వేలిముద్రలు, ఫీజు ఉంటాయి. ఇక బండిని సొంత పేరున రిజిస్టర్ చేయించుకోవాలంటే పౌరుడో, గ్రీన్ కార్డుదారో అయి ఉండాలి. హెచ్1బి మీద ఉండి కిట్టుకి అడ్వాన్స్ కట్టే ఆలోచన ఉంటే ముందు ఇది తేల్చుకోండి. మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) సంగతి కొంత నయం, స్పోర్ట్ పైలట్‌కి డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది. కానీ పైలట్ మెడికల్‌కి చివరిసారి దరఖాస్తు చేసినప్పుడు తిరస్కరించి ఉంటే ఆ వెసులుబాటు ఉండదు.

ఇప్పుడు కిట్టు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఫ్యాక్టరీలో తయారైన స్పోర్ట్ గైరోప్లేన్‌ని కొత్తది కొనే దారి ఇక్కడ లేదు, కట్టుకోవాల్సిందే. పనిలో సగానికి పైగా మన చేతుల మీదుగా జరగాలి, నేర్చుకోవడానికీ సరదాకీ కట్టామని రుజువు చూపాలి. అందుకే ప్రతి పనికీ తేదీ, ఫొటో పెట్టుకున్నాను, ఫొటోలో నా చేతులు కనపడేలా. తనిఖీకి వచ్చినాయన ఆ ఫైలు మొత్తం ఓపిగ్గా తిరగేశాడు.

కిట్టు ధరకి, గాల్లోకి లేచే ధరకి చాలా దూరం. రవాణా, రేడియో, బండి ఎక్కడుందో రాడార్‌కి తెలిపే ట్రాన్స్‌పాండర్, మాట్లాడుకునే సదుపాయం ఉన్న రెండు హెల్మెట్లు, మంచి టార్క్ రెంచి, పెయింటు, తనిఖీ ఫీజు, మొదటి ఏడాది హ్యాంగర్ (బండిని ఉంచే షెడ్డు) అద్దె. కిట్టు, ఇంజిన్ కలిపి వంద రూపాయలు అనుకుంటే, ట్రైనింగ్‌తో సహా చివరికి నాకు నూట యాభైకి దగ్గరగా తేలింది. వంద చేతిలో పెట్టుకుని దిగినవాళ్లు కోత పెట్టేది ఎప్పుడూ ట్రైనింగ్‌కే. సగం కట్టిన కిట్లు అమ్మకానికి కనిపించేది కూడా ఇందుకే. అప్పు చేసి కిట్టు కొనకండి, అప్పు చేసైనా గంటలు పూర్తిగా నేర్చుకోండి అంటాను.

కట్టడంలో ఓపిక పరీక్షించింది రోటర్. ఫ్రేము, వైరింగు పుస్తకం చూసి చేస్తే వచ్చేస్తాయి. బోల్టు బిగించి, నట్టులో పిన్ను దోపి, పైన రంగు గీత గీస్తే తర్వాత కదిలిందో లేదో కంటితోనే తెలుస్తుంది. రోటర్ అలా కాదు. రెండు బ్లేడ్లూ ఒకే దారిలో తిరగకపోయినా, బరువు వెంట్రుకవాసి తేడా ఉన్నా స్టిక్ చేతిలో వణుకుతుంది. బ్లేడు చివర కాస్త టేపు అంటించి, ఎగిరి, దిగి, తీసి, ఇంకో చోట అంటించి, బ్లేడ్లు కలిసే హబ్ దగ్గర పలుచని రేకు మార్చి, మళ్లీ ఎగిరి చూడాలి. నా బండికి ఇది ఓ పట్టాన తెగలేదు. మెకానిక్ మిత్రుడొకరు వైబ్రేషన్ కొలిచే పరికరం తెచ్చి సాయపడ్డాక స్టిక్‌ని రెండు వేళ్లతో పట్టుకునే స్థితి వచ్చింది. ఆ పరికరం అద్దెని కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

బండికి ఎగిరే సర్టిఫికెట్ వచ్చాక కూడా మొదట ఫ్లైట్ టెస్ట్ దశ ఉంటుంది, మామూలుగా 40 గంటలు. ఆ గంటల్లో సరదాకి ఎవరినీ ఎక్కించుకోకూడదు. మా ఆవిడ అన్ని నెలలూ కంచె బయట కుర్చీ వేసుకుని చూసింది. గంటకు నాలుగైదు గ్యాలన్ల పెట్రోలు చొప్పున ఆ 40 గంటలకూ డబ్బు ఉంచుకోవాలి. ఆ దశలో మా గురువుగారిని మళ్లీ పిలిపించి ఈ బండిలోనే నా చెయ్యి చూడమన్నాను. ఆయన ప్రయాణ ఖర్చు నాదే, దండగనిపించలేదు.

ఏటా వచ్చే ఖర్చుల్లో పెద్దవి హ్యాంగర్, ఇన్సూరెన్స్. బండికి కూడా బీమా చేయించాలంటే ప్రీమియం చాలా ఎక్కువ చెప్పారు, నేను ఎదుటివారి నష్టానికి మాత్రమే చేయించుకున్నాను. ఇంజిన్ నమ్మకంగా నడుస్తోంది. 91 ఆక్టేన్ పెట్రోలు వాడితే ఆయిలు 100 గంటలకు మారుస్తే చాలు. సీసం ఉన్న ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) ఎక్కువగా పోస్తే 50కే మార్చాలి. రబ్బరు గొట్టాలన్నీ ఐదేళ్లకోసారి మార్చి తీరాలి. తక్కువ ఎగిరినా, అసలు ఎగరకపోయినా సరే. కట్టినవాడిగా రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకున్నాను కాబట్టి ఏటా జరిగే తనిఖీ నేనే చేసుకుని సంతకం పెడతాను. కట్టిన శ్రమకి తిరిగొచ్చిన అసలైన వడ్డీ అదే.

వాడకంలో బండి ఎలా ఉందంటే, టెక్సస్ గాలులకు ఇంతకన్నా సరైనది నాకు కనపడలేదు. చిన్న విమానాలు ఊగిపోయే మధ్యాహ్నాల్లో ఇది నిలకడగా పోతుంది. దిగేటప్పుడు నేలకి అడుగు ఎత్తులో పట్టి ఉంచితే దాదాపు ఆగినట్టే కూర్చుంటుంది. పత్తి చేల మీద 60 మైళ్ల వేగంతో తాపీగా పోతూ కింద ట్రాక్టరు మీదాయన చెయ్యి ఊపడం కూడా చూడొచ్చు. దూరప్రయాణాలకు మాత్రం పనికిరాదు. 80 మైళ్ల వేగం, సామాను పెట్టుకునే చోటు లేదు, ఎదురుగాలి ఉంటే హైవే మీద కార్లు దాటిపోతాయి. జనవరిలో చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఆగస్టులో వేడికి గాలి పలచబడి, ఇద్దరం ఎక్కితే ఎక్కువ రన్‌వే కావాలి. 914 ఇచ్చే 115 గుర్రాల బలం ఐదు నిమిషాలకే పరిమితం, ఆ పైన 100తో సరిపెట్టుకోవాలి. నాకు అది చాలుతోంది.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా అని అడిగేవాళ్లకి: కొనొచ్చు, చాలా కలిసొస్తుంది. కాకపోతే కట్టినవాడి రిపేర్‌మన్ సర్టిఫికెట్ మీకు రాదు, ఏటా తనిఖీకి లైసెన్సున్న మెకానిక్‌కి డబ్బు కట్టాలి. లాగ్‌బుక్‌లో గొట్టాలు మార్చిన తేదీ, రోటర్ ఎన్ని గంటలు తిరిగిందో, అది ఎప్పుడైనా దేనికైనా తగిలిందో చూడండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ రకం బండిలోనే ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఓ రెండు మూడు గంటలు ఎగిరి రండి.