ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గొప్ప జట్టు ఏది? ఊళ్లు తిరిగి చూసి వేసిన లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో గొప్ప జట్టు ఏదని అమెరికాలో ఉన్న మనవాళ్లని అడిగితే, చాలామంది తాము ఉంటున్న ఊరి జట్టు పేరే చెబుతారు. డాలస్ వాళ్లకి కౌబాయ్స్, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా వాళ్లకి ఫార్టీనైనర్స్. కాస్త లెక్కలు చూసేవాళ్లయితే సూపర్ బౌల్స్, అంటే ఏటా జరిగే ఫైనల్స్, ఎన్ని గెలిచారో చూసి, చెరో ఆరు గెలిచిన పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌నీ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌నీ పైన కూర్చోబెడతారు. ఈ లెక్క నాకు ఏమాత్రం నచ్చదు. మొదటి సూపర్ బౌల్ జరిగింది 1967 జనవరిలో. లీగ్ పుట్టింది 1920లో. అంతకాలం ఆడిన ఆటా, గెలిచిన టైటిళ్లూ ఏమైపోవాలి? మా ఇంట్లో అబ్బాయికీ నాకూ దీని మీద ఎప్పుడూ వాదనే. అందుకే సెలవులు దొరికినప్పుడల్లా ఆ జట్ల ఊళ్లకే వెళ్లాం.

ఈ దారి పట్టాలనుకునేవాళ్లు ఒహాయోలోని క్యాంటన్‌తో మొదలుపెట్టడం మంచిది. క్లీవ్‌ల్యాండ్ నుంచి కారులో గంట. 1920 సెప్టెంబరులో రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూమ్‌లో జట్ల యజమానులు సమావేశమై లీగ్‌కి రూపం ఇచ్చింది ఇక్కడే. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీద కూర్చున్నారట. 1963లో తెరిచిన హాల్ ఆఫ్ ఫేమ్ ఇప్పుడు ఊరికి పెద్ద ఆకర్షణ. లోపల మహామహుల కంచు తలలు వరసగా ఉంటాయి. అన్ని జట్లలోకీ షికాగో బేర్స్ వాళ్లవే ఎక్కువ. క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ గురించి చదువుతూ మా అబ్బాయి అక్కడే ఆగిపోయాడు. ఇప్పటిదాకా ఒక్క సూపర్ బౌల్‌లోనూ అడుగుపెట్టని ఆ జట్టు 1950, 1954, 1955, 1964లలో ఎన్‌ఎఫ్‌ఎల్ చాంపియన్. అంతకుముందు ఇంకో లీగ్‌లో 1946 నుంచి వరసగా నాలుగేళ్లు గెలిచింది. వాదనలో నేను అన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

హాల్‌కి ఒక పూట చాలు. రాత్రి బస క్లీవ్‌ల్యాండ్‌లో పెట్టుకోవడం మేలు, తిండికీ అక్కడే నయం. ఆగస్టు మొదట్లో కొత్తవాళ్లని చేర్చుకునే ఉత్సవం జరుగుతుంది, అప్పుడు మాత్రం గదులు దొరకవు.

ఇక విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే. నా లెక్కలో మొదటి స్థానం ఈ ఊరి జట్టు ప్యాకర్స్‌దే. మొత్తం 13 టైటిళ్లు, అందులో నాలుగు సూపర్ బౌల్స్. ఇంతమాత్రం ఫోన్‌లో చూసినా తెలుస్తుంది. కానీ ఊరు చూస్తే ఆ సంఖ్య బరువు అర్థమవుతుంది. లక్ష దాటిన జనాభా, అంటే మన భీమవరం కన్నా చిన్న ఊరు. అలాంటి ఊరి జట్టు న్యూయార్క్, షికాగోలతో వందేళ్లుగా పోటీపడుతోంది. దానికి ఒక యజమాని అంటూ లేడు. అయిదు లక్షలకు పైగా షేరుదారులు ఉన్నారు. ఆ షేరుకి డివిడెండ్ రాదు, బజార్లో అమ్ముకోవడానికి వీల్లేదు. అయినా 2021లో ఒక్కోటి 300 డాలర్లకి అమ్మితే జనం కొనుక్కున్నారు.

వాళ్ల స్టేడియం లాంబో ఫీల్డ్ 1957 నాటిది. హైవే పక్కన పార్కింగ్ మైదానాల నడుమ కాదు, ఇళ్ల మధ్యలో ఉంటుంది. మ్యాచ్ రోజు చుట్టుపక్కలవాళ్లు తమ పచ్చికలో డబ్బు తీసుకుని కార్లు పెట్టుకోనిస్తారు. మేము కారు పెట్టిన ఇంటి పెద్దాయన తన షేర్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్నాడు, లోపలికి పిలిచి మరీ చూపించాడు. మ్యాచ్ లేని రోజు వెళ్తే స్టేడియం టూర్ తప్పకుండా తీసుకోండి. మైదానంలోకి వెళ్లే టన్నెల్లో, అరవైల్లో కోచ్‌గా ఉన్న లొంబార్డీ కాలపు ఆటగాళ్లు నడిచిన పాత కాంక్రీటు ముక్కని నేలలో పొదిగారు. దాని మీద అడుగు వేసి గడ్డి అంచుదాకా వెళ్లొచ్చు. గడ్డి మీద మాత్రం కాలు పెట్టనివ్వరు. 1967 డిసెంబర్ 31న మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలిలో, నేలని వేడిచేసే యంత్రం కూడా పనిచేయని ఆ మైదానంలో ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) బార్ట్ స్టార్ చివరి క్షణాల్లో గీత దాటి డాలస్‌ని 21-17తో ఓడించాడు. గైడ్ ఆ చోటు చూపిస్తుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

1929 నుంచి మూడేళ్లు వరసగా గెలిచినప్పుడు లీగ్ చిన్నది, ఫైనల్ మ్యాచ్ కూడా ఉండేది కాదు, పాయింట్ల పట్టికే తేల్చేది, అంటాడు మా అబ్బాయి. నిజమే, ఆ మూడింటికి నేను కూడా తూకం కాస్త తగ్గించే వేస్తాను. కానీ 1961 నుంచి 1967 దాకా ఏడేళ్లలో అయిదు టైటిళ్లు ఇంకెవరు తెచ్చారు? ఆ తర్వాత 1996 సీజన్లో ఫార్వ్, 2010 సీజన్లో రాడ్జర్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌లతో మళ్లీ గెలిచారు. తరాలు మారినా, ఆట తీరు మారినా, జట్ల సంఖ్య పెరిగినా గెలుస్తూనే ఉన్నారు. మిగతావాళ్లలో ఈ గుణం ఇంతగా కనబడదు.

ఊరిలో బస మాత్రం కష్టం. మ్యాచ్ ఉన్న వారాంతం గది అద్దె ఆకాశంలో ఉంటుంది, చాలాచోట్ల రెండు రాత్రులకి తక్కువ ఇవ్వరు. ముందే బుక్ చేసుకున్న ఒక హోటల్ వాళ్లు మ్యాచ్ తేదీలు బయటికి రాగానే మా బుకింగ్ రద్దు చేసి, అదే గదిని పెద్ద రేటుకి పెట్టారు. పిల్లలతో బయల్దేరేముందు అది భలే టెన్షన్. చివరికి అరగంట దూరంలోని యాపిల్టన్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, రేటూ భరించేలా ఉంది. స్టేడియంలో ఎక్కువ భాగం వెన్ను ఆనించడానికి లేని అల్యూమినియం బెంచీలే, చలికాలం కింద వేసుకోవడానికి దళసరి కుషన్ ఉండాలి. శాకాహారులకి వేయించిన చీజ్ కర్డ్స్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు. మేము పులిహోర కట్టుకెళ్లి కారు దగ్గరే తిన్నాం. ఏ స్టేడియానికైనా పారదర్శకమైన సంచే తీసుకెళ్లాలి, మామూలు హ్యాండ్‌బ్యాగ్ గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్రయాణ సుఖం చూస్తే మాత్రం పిట్స్‌బర్గ్‌కి సాటి లేదు. డౌన్‌టౌన్‌లో గది తీసుకుంటే కారు అక్కర్లేదు. అక్కడినుంచి నది కింద నుంచి స్టేడియం వైపు వెళ్లే రైలుకి టికెట్టే లేదు. మేము విమానం దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో జార్జ్ వాషింగ్టన్ బొమ్మ, దాని పక్కనే వంగి బంతి అందుకుంటున్న స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హ్యారిస్ బొమ్మ కనిపించాయి. 1972 డిసెంబర్ 23న ఆ బంతి పట్టేదాకా స్టీలర్స్ నలభై ఏళ్లుగా ఒక్క ప్లేఆఫ్ (నాకౌట్ మ్యాచ్) కూడా గెలవలేదు. తర్వాత 1974 నుంచి 1979 దాకా ఆరు సీజన్లలో నాలుగు సూపర్ బౌల్స్. 1969లో చక్ నోల్ వచ్చినప్పటినుంచి 2025 సీజన్ దాకా మొత్తం ముగ్గురే కోచ్‌లు. ఆ నిలకడ కోసమే వీళ్లకి రెండో స్థానం ఇచ్చాను. జనం ఊపే పసుపు తువ్వాలు మీద వచ్చే రాయల్టీ వికలాంగుల సంరక్షణకి వెళ్తుందని తెలిశాక ఇంట్లో అందరికీ కొన్నాం. మరుసటి రోజు పొద్దున ఊరి శివార్లలోని పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. 1970ల్లో, అంటే స్టీలర్స్ వెలిగిన రోజుల్లోనే కట్టిన గుడి. దర్శనం బాగా అయింది, కాంటీన్లో పులిహోర ఇంకా బాగుంది.

పేట్రియట్స్‌కి మూడో స్థానం. 2001 నుంచి 2018 సీజన్ దాకా కోచ్ బెలిచెక్, క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ కలిసి ఆరు తెచ్చారు, ఒకే జోడీ అన్ని సూపర్ బౌల్స్ తేవడం మరెక్కడా లేదు. కానీ అంతకుముందు, 1960 నుంచి, ఒక్కటీ లేదు. బోస్టన్ దగ్గర ఫాక్స్‌బరోలో వాళ్ల స్టేడియం పక్కనున్న మ్యూజియం చక్కగా ఉంది, ఆరు ట్రోఫీలూ దగ్గరగా చూడొచ్చు. దారి మాత్రం నరకం. మ్యాచ్ అయ్యాక ఒకే రోడ్డు మీద గంటలు నిలబడాలి. బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి మ్యాచ్ రోజుల్లో నడిపే రైలుకి ముందే టికెట్ తీసుకోండి.

షికాగో బేర్స్‌కి 9 టైటిళ్లు ఉన్నా 1963 తర్వాత వచ్చింది ఒక్కటే, 1985ది. అందుకే నాలుగో స్థానం. సోల్జర్ ఫీల్డ్ సరస్సు ఒడ్డున అందంగానే ఉంటుంది, కానీ బేర్స్ అక్కడికి వచ్చింది 1971లో. పాత వైభవం చూడాలంటే వాళ్లు యాభై ఏళ్లు ఆడిన రిగ్లీ ఫీల్డ్‌కి వెళ్లాలి. అది బేస్‌బాల్ మైదానం. 1963 ఫైనల్లో న్యూయార్క్ జెయింట్స్‌ని 14-10తో ఓడించింది అక్కడే. భోజనానికి మన హోటళ్లున్న డెవాన్ అవెన్యూ ఉండనే ఉంది.

8 టైటిళ్ల జెయింట్స్ అయిదో స్థానంలో, చెరి అయిదు సూపర్ బౌల్స్‌తో కౌబాయ్స్, ఫార్టీనైనర్స్ ఆ తర్వాత ఉంటారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మనవాళ్ల ఇళ్లు బోలెడు, బంధువుల దగ్గర దిగినవాళ్లు కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ‘ద స్టార్’ టూర్ ఒక పూటలో చూసేయొచ్చు. వాళ్ల చివరి ట్రోఫీ 1996 జనవరిది. ఎండాకాలమైనా టూర్‌లో చాలా భాగం ఏసీలోనే, పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లొచ్చు.