హాస్టల్ లిస్టులో లేనివి

మా మనవరాలు డాలస్ నుంచి వచ్చి ఇక్కడ విశాఖపట్నంలో హాస్టల్లో చేరి తొమ్మిది నెలలైంది. కాగితాల మీద దాని లోకల్ గార్డియన్ని నేను. అప్పటినుంచీ మా అమ్మాయి స్నేహితురాళ్ళు ఆరుగురు ఫోన్ చేశారు. "ఆంటీ, స్కూలు ఎలా ఉంది? మావాణ్ణి కూడా పంపుదామనుకుంటున్నాం" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. స్కూలు పేరు రాయను. పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది, నేను మెచ్చుకునేవాటికంటే సణిగేవే ఎక్కువ. ఊరికి ఉత్తరాన, సముద్రం కనిపించే చోట ఉందని మాత్రం చెప్తాను. మేడ మీది గదుల్లోంచే కనిపిస్తుంది లెండి, బ్రోషర్లో వేసినట్టు అన్ని గదుల్లోంచీ కాదు.

ముందు అందరూ అడిగే మాట. "ఊళ్ళో అమ్మమ్మ ఉండగా హాస్టలెందుకు?" మా వారికి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఎంవీపీ కాలనీలో మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. పొద్దున్నే ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చే వేళకి ఆయన్ని లేపి, ముఖం కడిగించి, కూర్చోబెట్టాలి. పదకొండేళ్ళ పిల్లని ఆ వేళకే తయారుచేసి బస్సెక్కించడం నా వల్ల కాదని నేనే చెప్పాను. ఆ రోజు ఫోన్లో మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మాట చెప్పినందుకు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

అసలు పంపింది కూడా ఆయన కోసమే అనుకోవాలి. పోర్టులో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషులో ఫైళ్ళు రాసిన మనిషి. జబ్బు చేశాక ఇంగ్లీషు పూర్తిగా పోయింది, తెలుగు సగం మిగిలింది. పిల్లకేమో తెలుగు అర్థమయ్యేది గానీ నోట్లోంచి వచ్చేది కాదు. కిందటి సంవత్సరం వేసవిలో వచ్చినప్పుడు తాతా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ నా వైపు చూసేవాళ్ళు, దుబాసీ కోసం. ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైనదాన్ని, మా ఇంట్లో నాకు దొరికిన ఉద్యోగం అది. ఒక సంవత్సరం ఇక్కడ ఉంటే భాష వస్తుందని మా అమ్మాయీ అల్లుడూ అనుకున్నారు. పిల్లని కూర్చోబెట్టి అడిగారు, అది రెండు రోజులు ఆలోచించి సరే అంది. అడిగి తీసుకురావడం అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. పక్క గదిలో ఒక పిల్లకి సెలవులకని చెప్పి తీసుకొచ్చి, చేర్పించి, పాస్‌పోర్టు పట్టుకుని తల్లిదండ్రులు వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఇప్పటికీ పెట్టె పూర్తిగా సర్దుకోలేదట. మీరు అలా చేసేట్టయితే ఈ రివ్యూ మీ కోసం కాదు.

ఇక డబ్బు. ఏడాదికి 5 లక్షల 80 వేలు, ఏసీ గదికి మరో 40 వేలు, తిరిగిస్తామనే డిపాజిట్ వేరు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న పిల్లలకి రేటు ఎక్కువ. ఎందుకని అడిగితే "అడిషనల్ కేర్ మేడమ్" అన్నారు. ఆ కేర్ ఏమిటో ఇంకా వెతుకుతున్నాను.

కాగితాల దగ్గర రెండు వారాలు పోయాయి. ఆఫీసులో కుర్రాడు స్టూడెంట్ వీసా కావాలని కూర్చున్నాడు. పిల్లకి ఓసీఐ కార్డు ఉంది, విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతి వాళ్ళకి భారత ప్రభుత్వం ఇచ్చేది. ఆ కార్డు ఉంటే స్టూడెంట్ వీసా అక్కర్లేదు, ఎన్నాళ్ళున్నా ఎఫ్ఆర్ఆర్ఓలో, అంటే విదేశీయుల నమోదు ఆఫీసులో, పేరు నమోదు చేయించుకోనక్కర్లేదు. మా అల్లుడు ప్రభుత్వ వెబ్‌సైట్ పేజీ ప్రింటు తీయించి పంపితే గానీ నమ్మలేదు. పదహారేళ్ళలోపు వాళ్ళకి అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు. కొత్తది వచ్చినప్పుడల్లా ఓసీఐ సైట్లో దాని కాపీ, ఫోటో ఎక్కించాలి, మరిచిపోకండి. తరవాత టి.సి. అడిగారు. అమెరికా బడుల్లో మనలాంటి టి.సి. ఉండదు. మార్కుల రిపోర్టులు, టీకాల కాగితం, బడి మానేస్తున్నట్టు వాళ్ళిచ్చిన ఫారం పెట్టాం. ఆధార్ అడిగితే, ఓసీఐ వాళ్ళకి పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటేనే ఆధార్ ఇస్తారని చెప్పి, డిసెంబరు దాటాక చేయించాను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. అడ్మిషన్ల దగ్గర కూర్చునే అమ్మాయి "ఇక్కడే చదివితే రేపు నీట్‌లో, జేఈఈలో మన పిల్లల్లాగే సీటు" అని చెప్తుంది. కాదు. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఆ తేదీ తరవాత ఓసీఐ కార్డు వచ్చిన పిల్లలు ఎన్నారై సీట్లకో, అదనంగా పెట్టిన సీట్లకో పోటీ పడాలి, భారత పౌరులకే ప్రత్యేకించిన సీట్లకి కాదు. డాక్టరు చదువు లెక్క వేసుకుని పంపేవాళ్ళు ఇది ముందే తెలుసుకోండి. నేను ఆ అమ్మాయికి చెప్తే "అవునా మేడమ్" అంది. తరవాతి వారం ఇంకొకళ్ళకి అదే చెప్తుంటే విన్నాను.

సరే, పిల్ల దేనికోసం వచ్చిందో దాని సంగతి. తెలుగు.

స్కూల్లో తెలుగు మూడో భాష. వారానికి రెండు పీరియడ్లు. నోటుబుక్కు నేను చూశాను. ఇరవై ఆరు పేజీల చూచిరాత. ఒక పేజీ నిండా 'ణ' రాయాల్సిన చోట 'న' రాసింది, కింద టీచరు సంతకం మాత్రం నిక్షేపంలా ఉంది. చదివించింది లేదు, చెప్పించింది లేదు. అంతకంటే గొప్ప సంగతి, క్లాసులోనూ కారిడార్లోనూ తెలుగు మాట్లాడితే డైరీలో ఎర్ర గీత పెడతారు. మూడు గీతలైతే ఆ ఆదివారం టీవీ లేదు. జులైలో మా పిల్లకి మొదటి గీత పడింది. డాలస్‌లో దాని తల్లి కంగారు పడింది. నేను పిల్లకి వంద రూపాయలిచ్చాను. గీత పడిందంటే మాట్లాడిందన్నమాటే కదా!

ప్రిన్సిపాల్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాను, తెలుగులో. జవాబు నాలుగు లైన్లు వచ్చింది, ఇంగ్లీషులో. "ఇంగ్లీష్ ఇమ్మర్షన్" తమ పద్ధతట. డాలస్‌లో పుట్టిన పిల్లని భీమిలి గాలి తగిలే చోట ఇంగ్లీషులో ముంచుతారట. శనివారాలు వచ్చి, డబ్బు తీసుకోకుండా, కావలసినవాళ్ళకి చదవడం నేర్పుతానన్నాను. విజిటర్ పాలసీ ఒప్పుకోదన్నారు. నవంబరులో మళ్ళీ అడిగాను. ఆలోచిస్తున్నారు.

అయినా పిల్లకి తెలుగు వచ్చింది. ఎలాగంటే, ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం జడలు వేసే ఆయమ్మ ఒకావిడ ఉంది. ఆనందపురం అవతలి పల్లెనుంచి రోజూ ఆటోలో వస్తుంది. ఇంగ్లీషు ముక్క రాదు, కాబట్టి ఆవిడ దగ్గర ఎర్ర గీతల్లేవు. పిల్లలందరూ ఆవిణ్ణి "అప్పా" అంటారు. మా వైపు అప్ప అంటే అక్క. జడ వేయించుకునే పావుగంటలో, వంటింటి మెట్ల మీద బఠాణీలు ఒలిచేటప్పుడు, అన్నం వడ్డించే చోట, పిల్ల అక్కడ నేర్చుకుంది.

ఆగస్టులో రెండో శనివారం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "ఏటమ్మమ్మా, అలాగున్నావు?" అంది. నాకు ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు. నేను పుట్టింది చీపురుపల్లి దగ్గర పల్లె. చిన్నప్పుడు నేనూ 'ఏటి' అన్నదాన్నే. టీచర్ ట్రైనింగ్‌లో ఆ మాట విడిచిపెట్టాను, తరవాత ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల నోట 'ఏటి' వస్తే 'ఏమిటి' అని దిద్దాను. ఈ పిల్ల వాళ్ళ అమ్మని కూడా దిద్దాను. ఇప్పుడు ఇది అమెరికా నుంచి వచ్చి నా గుమ్మంలో నిలబడి 'ఏటి' అంటోంది. దిద్దబోయి ఊరుకున్నాను.

ఆ మర్నాడు "చోడి అంబలి చేస్తావా?" అని అడిగింది. ఆయమ్మ తన క్యారియర్లోంచి రెండు గుక్కలు పోసిందట. చోడి అనే మాట విని నాకు నలభై ఏళ్ళు. ఎంవీపీ కాలనీలో మేమంతా రాగి జావ అంటాం, డాక్టరు చెప్తే తాగుతాం.

తిండి గురించి అడిగారు కదా. పొద్దున ఇడ్లీ, ఉప్మా, శనివారం పూరీకి బొంబాయి చట్నీ. బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్. పప్పు పల్చన, చారు బాగుంటుంది. మొదటి నెల పిల్ల పెరుగన్నంతోనే గడిపింది. ఇప్పుడు ఆవకాయ సీసా పంపమంటుంది. సీసాలు లోపలికి రానివ్వరు, ప్లాస్టిక్ డబ్బాలో ఇవ్వాలి.

ఫోన్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఆదివారం పొద్దున 7.30కి మా పిల్ల వంతు, పది నిమిషాలు. వేసవిలో అది డాలస్‌లో శనివారం రాత్రి 9. మా అమ్మాయి మందుల షాపులో ఫార్మసిస్టు, 8.30కి దిగుతుంది, ఇంటికొచ్చి మాట్లాడేది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తరవాతి ఆదివారం నుంచి మన 7.30 వాళ్ళకి రాత్రి 8. అప్పటికి మా అమ్మాయి కౌంటర్ దగ్గరే ఉంటుంది, ఫోన్ ఎత్తడానికి లేదు. పిల్ల పది నిమిషాలూ రింగ్ విని పెట్టేసింది. టైము మార్చమని ఆఫీసుకి రెండుసార్లు రాశాం. స్లాట్ మారదు. వార్డెన్ మేడమ్ ఆ ఆదివారం నుంచి, టిఫిన్లయ్యాక 9కి, తన సొంత ఫోన్ ఇస్తోంది. "ఆఫీసులో అనకండమ్మా" అంది నాతో. అందుకే ఇక్కడ కూడా ఆవిడ ఎవరో చెప్పను.

ఆ స్కూలంతా ఇంతే. రూలు పుస్తకం ఒకటి ఉంటుంది, దాన్ని చూసీ చూడనట్టు పిల్లల్ని పెంచే మనుషులు నలుగురు ఉంటారు.

పెద్ద ఫిర్యాదు ఒకటుంది. సెప్టెంబరులో పిల్లకి జ్వరం వచ్చింది. డెంగీ రోజులు. రెండు రోజులు సిక్‌రూమ్‌లో పారాసిటమాల్ ఇస్తూ ఉంచి, మూడో రోజు నాకు ఫోన్ చేశారు. నేనున్నది ముప్పావు గంట దూరంలో. రక్తపరీక్షలో డెంగీ కాదని తేలింది, మామూలు వైరల్. కానీ ఆ రెండు రోజులు ఎందుకు చెప్పలేదంటే "పేరెంట్స్ టెన్షన్ పడతారని" అన్నారు. చేర్పించేటప్పుడే రాయించుకోండి, జ్వరం వచ్చిన రోజే లోకల్ గార్డియన్‌కి ఫోన్ చెయ్యాలని. మేం ఆ తరవాత రాయించుకున్నాం.

ఇంత తిట్టాక మంచి కూడా చెప్పాలి. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు స్కూళ్ళకి సెలవులిచ్చారు, దగ్గరవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. ఆయన్ని వదిలి నేను కదలలేకపోయాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళం, గాలి ఈలేస్తే చాలు మాకు కాళ్ళు వణుకుతాయి. ఆ రాత్రి వార్డెన్ మేడమ్ మూడు గంటలకోసారి మెసేజ్ పెట్టింది. "కిటికీలు మూసేశాం, జనరేటర్ ఉంది, పిల్లలు కింది హాల్లో పడుకున్నారు." ఆయమ్మ ఆ రెండు రోజులూ ఇంటికెళ్ళలేదట, పల్లెలో తన పెంకుటిల్లు ఎలా ఉందో తెలియకుండానే. డబ్బు కట్టి కొనుక్కోగలిగినది కాదు ఇది.

నెలకి ఒకసారి, రెండో శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం 5 దాకా ఇంటికి పంపుతారు. మొదట్లో కుర్సురా సబ్‌మెరైన్, సింహాచలం, ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ అన్నీ తిప్పాను. ఇప్పుడు తాతయ్య మంచం దగ్గరే ఉంటుంది. కిందటి నెల మధ్యాహ్నం ఆయన కుర్చీలో కునుకుతుంటే దగ్గరికెళ్ళి "తాతా, తొంగుంటావేటి?" అంది. ఆయన ముందు విననట్టే ఉన్నారు. తరవాత నవ్వారు. సగం మూతే కదులుతుంది, అయినా నవ్వే. "తొంగుంతాను గుంటా" అన్నారు, పడుకుంటానే పిల్లా అని. మా పెళ్ళయ్యాక ఆయన నోట ఆ యాస నేను వినలేదు, ఇద్దరం పట్నంలో అది దాచుకునే బతికాం. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

5కి 3 ఇస్తాను. ఆ మూడూ ఆయమ్మకీ, వార్డెన్ మేడమ్‌కీ, తుపాను రాత్రికీ. స్కూలుకి విడిగా అడిగితే 1.

వచ్చే ఏడాది ఫీజు నోటీసు వచ్చింది, మార్చి 31 గడువు. ఉంచాలా తీసుకుపోవాలా అని మా అమ్మాయి నన్నడిగింది. నన్నెందుకు, దాన్నడగమన్నాను. ఆదివారం 9కి అడుగుతుంది.

చివరగా, స్కూలు వాళ్ళిచ్చే లిస్టులో 42 వస్తువులుంటాయి, తెల్ల షూ పాలిష్‌తో సహా. పేల దువ్వెన ఉండదు. నేను జగదాంబ దగ్గర రెండు కొన్నాను, ఒకటి పిల్ల పెట్టెలో, ఒకటి ఆయమ్మకి. శనివారం మధ్యాహ్నం నా పని అదే, బాల్కనీలో తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చోవడం. డాలస్‌లో కొనకండి, అక్కడి ప్లాస్టిక్ పళ్ళు మన జుట్టుకి విరిగిపోతున్నాయి.