టైగర్ మాత్ ఆర్సీ మోడల్: కొన్నేళ్లు ఎగరేసి పోగొట్టుకున్నంక

ముందే చెప్తున్న, ఇది అసలు విమానం కాదు. ఆరో వంతు సైజు ఆర్సీ మోడల్, అంటే చేతిల రిమోట్ పట్టుకొని ఎగరేసే చిన్న విమానం. బాల్సా (తేలికపాటి కట్టె), ప్లైవుడ్ చట్రం, పైన వేడికి బిగుసుకునే ఫిల్మ్, కరెంటు మోటారు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు మీటరున్నర, బ్యాటరీతో కలిపి బరువు రెండు కిలోల పైనే. డబ్బా మీద ‘ట్రైనర్’ (ఎగరేసుడు నేర్పేది) అని ఉంటది. ఆ మాట నమ్మి మొదటి విమానంగా దీన్ని కొనబోయేటోళ్లు కాసేపు ఆగాలె.

అసలు టైగర్ మాత్ ట్రైనరే, అనుమానం లేదు. డి హావిలాండ్ అనే బ్రిటిష్ కంపెనీది, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే విమానం, 1931 అక్టోబర్‌ల మొదటిసారి ఎగిరింది, ఎనిమిది వేలకు పైగా తయారైనయ్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్ల మన బేగంపేటల పైలట్లకు ఓనమాలు దిద్దించింది ఇదే. 2012 వైమానిక దళ దినోత్సవం నాడు ఢిల్లీ పక్కన హిండన్‌ల పాతదాన్ని బాగుచేసి ఎగరేసిన్రు. ఆ వీడియో చూసే నాకు దీని మీద మనసు పడ్డది. ఎగరేసుడు తేలిక, చక్కగా ఎగరేసుడు కష్టం అని దీనికి పాత పేరు. పైలట్ చేతిల ఏ లోపమున్నా వెంటనే బయటపెడ్తది.

ఆ గుణం మోడల్‌కు కూడా వచ్చింది. ఎయిలెరాన్లు (రెక్క వెనక అంచుకుండి విమానాన్ని పక్కకు వంచే పలకలు) అసలు దాని లెక్కనే కింది రెక్కలకే ఉంటయ్. వాటితోని మాత్రమే మలుపు తిప్పబోతే ముక్కు ఎదురు దిక్కుకు జారుతది. కిందికి దిగిన ఎయిలెరాన్ దిక్కు గాలి ఎక్కువ పట్టి ఆ రెక్కను వెనక్కి గుంజుతది, అందుకు. అసలు విమానంల ఎయిలెరాన్ పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదిలేటట్టు ఏర్పాటుంది. మోడల్‌ల ఆ సెట్టింగ్ రేడియోల (చేతిల రిమోట్‌ల) మనమే పెట్టుకోవాలె, కంపెనీ ఇచ్చిన కాగితంల దాని ముచ్చటే లేదు. పెట్టుకున్నా రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కలపాల్సిందే. రడ్డర్ కర్రను కదిపే ఎడమ బొటనవేలికి పని నేర్పింది ఈ విమానమే. అంతకుముందు ఫోమ్ విమానాలు ఎన్ని ఎగరేసినా ఆ వేలు ఒట్టిగనే ఉండేది.

నేల మీద మాత్రం సతాయిస్తది. ఎర్ర చెలకల దింపితే చిన్న రాయి తగిలినా ముక్కు మీద పడ్తది. కోసిన వరి మడి ఇంకా అధ్వానం. ఆగిందాక ఎలివేటర్ (ముక్కును పైకి కిందికి ఆడించే తోక పలక) కర్ర వెనక్కి గుంజి పట్టుకోవాలె. అసలు దాంట్ల జిప్సీ మేజర్ ఇంజిన్ సిలిండర్లు తలకిందులుగ ఉంటయ్, ముందు చూపుకు అడ్డం రాకుండ. మోడల్ వాళ్లు ముక్కు ఆకారం అట్లనే దించిన్రు గానీ వేడిగాలి బయటికి పోయే తొవ్వ మరిచిన్రు. అడుగున బొక్క కోసుకున్నంకనే మోటారు చల్లబడ్డది. మే నెలల కారు డిక్కీల పెడితే ఫిల్మ్ బుడగలొస్తది, ఇస్త్రీ పెట్టెతో సర్దుకుంటది. పైనా కిందా కలిపి నాలుగు రెక్కలు, స్ట్రట్లు (రెక్కలను నిలబెట్టే కర్రలు), తీగలు బిగించేసరికి పొద్దెక్కి గాలి లేస్తది. ఆఖరుకు విప్పుడే బంద్ చేసి ట్రాలీ ఆటోల ఏసుకపోయేటోణ్ణి.

ఇంకో మాట. 2022 ఫిబ్రవరిల పెద్దవూర మండలం తుంగతుర్తి కాడ శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ చనిపోయింది. అప్పటి సంది మా దిక్కు ఊళ్లల్ల తక్కువ ఎత్తుల ఏది ఎగిరినా జనం గాబరా పడ్తున్నరు. ముందే ఊళ్లె చెప్పి ఎగరేయాలె.

ఇగ పోయిన సంగతి. నల్లగొండ పక్కన పానగల్ దాటినంక, ఉదయసముద్రం అవతల, మామూలు మలుపులనే పై రెక్క వెనక్కి మడతపడ్డది. బత్తాయి తోటల కూలింది. తోట పెద్దాయన “చెట్టుకేం కాలే తియ్యి బిడ్డా, నీదే పాయె” అన్నడు. ముక్కలు ఇంటికి తెచ్చి ఫిల్మ్ ఊడదీస్తే అప్పుడు కనపడ్డది: పై రెక్కను మోసే నాలుగు పొట్టి స్ట్రట్లు లోపల ఒక పలుచని ప్లైవుడ్ పలక మీద నిలబడ్డయ్. ఆ పలక పొరలు పొరలుగ విడిపోయింది. ఎండ, మోటారు అదురు కలిసి లోపల్లోపలే తిన్నయ్, బయటినుంచి ఆనవాలు లేదు.

నా కోపమంతా తీగల మీద. అసలు టైగర్ మాత్‌ల రెక్కల నడుమ ఏటవాలుగ ఉన్న తీగలే గాలిల బరువు మోస్తయ్, అవి లేకుంటే దాని రెక్కలు నిలబడవు. మోడల్‌ల పెట్టినవి సాగే దారాలు, చూపుకే. అంటే పై రెక్క భారమంతా ఆ పలక మీదనే. కొన్నోళ్లు మొదటి రోజే ఫిల్మ్ కోసి, ఆ పలకకు రెండు దిక్కుల గట్టి ప్లైవుడ్ అరాల్డైట్‌తో అతికించుకోండి, దారాల బదులు సన్నటి స్టీలు తీగ బిగించండి. గంట పని.

మళ్ల కొంటనా అంటే కొంట, రేటు తగ్గితే. ఎగరేసుడు ఇంతకుముందే వచ్చినోళ్లకైతే ఐదుకు నాలుగు చుక్కలు, కొత్తోళ్లకు ఒక్కటే. మోటారు, సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు) ఇప్పుడు వేరే విమానంల నడుస్తున్నయ్. కింది రెక్కలు రెండూ సాబూతుగనే ఉన్నయ్. ఇదే మోడల్ ఉండి నల్లగొండ దిక్కు వచ్చేటోళ్లు ఎవరైనా ఉంటే తీసుకపోవచ్చు, పైసలొద్దు.